‘మూడు పొయ్యిల హోటలు’ దొరకని కేసు

“ఈ భూమ్మీద టికెట్ లేకుండా తిరిగే మనిషిని వాసనతో పట్టే మేధావి ఒక్కడే ఉండాడు ఫక్రూ. వాని పేరు దేవరాజులు” అని దేవరాజులు ప్రకటించాడు.

ప్రకటన జరిగింది నా అంగట్లో, కస్టమర్ల కోసం వేసిన ఒకే ఒక్క కుర్చీలో. కస్టమరు నిలబడి ఉన్నాడు.

నా పేరు ఫకృద్దీన్. తిరుపతి గాంధీరోడ్డులో మాది కళ్ళద్దాల అంగడి. ఆ మేధావి కంటికి ప్లస్ రెండున్నర అద్దాలు బిగించింది నేనే. అద్దాలు పెట్టుకుంటే తన చూపు ఎటు పోతోందో నేరస్థుడు పసిగడతాడని, ముఖ్యమైన సమయం రాగానే ఆయన వాటిని తీసి జేబులో పెట్టుకుంటాడు. అందువల్ల ముఖ్యమైన సమయాల్లో ఆయనకి ఏమీ కనిపించదు.

దేవరాజులన్న ముప్ఫై నాలుగేళ్ళు ఆర్టీసీలో చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా చేశాడు. రిటైరైన మరునాడే కార్డులు అచ్చువేయించాడు. ‘దేవరాజులు, పరిశోధకుడు. అంతు తేల్చబడును’ అని ఉంటుంది వాటి మీద. ఇప్పటిదాకా ఆయన తేల్చిన అంతు ఒక్కటే. పోయిన ఏడాది తిరుచానూరులో ఒక యాత్రికుడి చెప్పులు మాయమైతే తొమ్మిది రోజులు పరిశోధించాడు. దొంగ దొరికాడు. తన చెప్పులు అక్కడే వదిలేసి ఆ యాత్రికుడి చెప్పులేసుకుని ఇంటికొచ్చింది దేవరాజులన్నే. “నేరస్థుడు ఎంత దగ్గరోడైనా సరే, నేను ఇడిసిపెట్టేది ల్యా” అని ఆయన ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాడు.

ఇంక అసలు కేసుకి వస్తాను.

‘పేజీ మడత’ అని మాకొక వాట్సాప్ గ్రూపు ఉంది. ఇరవై ఏడుమందిమి. రోజూ సాయంత్రం ఏడు లోపల ఎవరు ఏ నవల చదువుతున్నారో, ఎన్నో పేజీకి వచ్చారో రాయాలి. బాగుంటే అందరినీ చదవమనాలి. బాగాలేకపోతే ఎందుకు బాగాలేదో చెప్పాలి. గుడ్ మార్నింగ్ పూలు, వేపాకు వైద్యాలు పెట్టకూడదు. ఈ నియమాలు పెట్టింది అడ్మిన్ జయరావు. ఆయన తిరుచానూరులో లాడ్జి మేనేజరు. గది ఖాళీ చేసే టైము విషయంలో ఎంత ఖచ్చితమో పేజీ నంబర్ల విషయంలోనూ అంతే.

గ్రూపులో అందరికంటే పెద్ద చదువరి, నేను అక్కా అన్నట్టు ఆపా అని పిలిచే మెహరాజ్ బేగం. చిత్తూరులో టీచరుగా చేసి రిటైరైంది. రెండు రోజులకొక నవల నమిలేస్తుంది. దేవరాజులన్న మాత్రం ఒకే డిటెక్టివ్ నవలలో ఎనిమిది నెలలుగా పదకొండో పేజీ దగ్గర ఉన్నాడు. రోజూ శ్రద్ధగా ‘11’ అని పెడతాడు.

“పదకొండో పేజీలోనే హంతకుడు దొరికిపోయినాడు. ఇంక మిగతా రెండొందల పేజీలు ఎందుకప్పా, కాగితం దండగ” అంటాడు.

ఆయన పట్టిన హంతకుడు పన్నెండో పేజీలో హత్యకి గురవుతాడు. ఆ సంగతి నేను ఇంతవరకూ ఆయనకి చెప్పలేదు.

ఫిబ్రవరిలో గ్రూపులోకి కొత్త సభ్యురాలు వచ్చింది. ‘కోమలి, రేణిగుంట. లారీలు తూచే వే బ్రిడ్జిలో పని. నవలలంటే ప్రాణం’ అని పరిచయం రాసుకుంది. రెండోరోజు పెట్టింది: ‘నవల పేరు మూడు పొయ్యిల హోటలు. రచన కె. రేణు. నాలుగో పేజీ. ముగ్గురు అక్కచెల్లెళ్ళు రోడ్డు పక్కన హోటలు పెట్టారు. ముగ్గురికీ మాటల్లేవు. అందుకని పొయ్యిలు మూడు.’

ఆ నాలుగు ముక్కలకే పదిమంది లేచి కూర్చున్నారు. మరుసటిరోజు ఏడో పేజీ. ఆ మరుసటిరోజు పదో పేజీ. రోజుకి మూడు నాలుగు పేజీల కంటే చదివేది కాదు కానీ, చదివింది చెప్పేది. పెద్దామె ఇడ్లీ తప్ప వేరే వండదు. నడిపామె దోసెల రాయి వేడెక్కకముందే కస్టమర్లని తిడుతుంది. చిన్నామె రోజూ ఒక దోసె ఎవరికోసమో పక్కన పెడుతుంది. ముగ్గురి మధ్య మాటలు మోసేవాడు నీళ్ళ బిందెలు తెచ్చే తాత. ఏప్రిల్ వచ్చేసరికి గ్రూపులో మిగతా నవలల గొడవ ఎవరికీ పట్టలేదు. జయరావు కూడా ఒకసారి ‘ఆ దోసె ఎవరికి?’ అని పెట్టి, ముందు జరగబోయే కథ అడగడం నియమాలకి విరుద్ధమని గుర్తొచ్చి తన మెసేజ్ తనే తీసేశాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ నవల ఎక్కడా దొరకలేదు.

బేగం ఆపా తిరుపతిలో, చిత్తూరులో, మదనపల్లెలో అడిగించింది. ఎవరూ పేరే వినలేదన్నారు. కోమలిని అడిగితే, ‘పాత పుస్తకం టీచరమ్మా, నా దగ్గర ఒకటే కాపీ’ అంది. ఫోటో పెట్టమంటే అట్ట చినిగిపోయిందంది. చదివాక ఇస్తావా అంటే, ‘ఇస్తాను, ఎప్పుడవుతుందో తెలీదు’ అంది.

మే నెల చివర నూట ఎనభై తొమ్మిదో పేజీలో నీళ్ళ తాత చచ్చిపోయాడు. బేగం ఆపాకి కోపం వచ్చింది. ‘ఆయన పోతే ముగ్గురి మధ్య మాట మోసేదెవరు? ఈ రచయితకి బుద్ధి లేదు’ అని పెట్టింది. మరుసటిరోజు కోమలి ఏమీ పెట్టలేదు. ఆ తర్వాతి రోజు ‘171’ అని పెట్టింది. నాలుగు రోజులకి, ‘తాత చావలేదు. ఎండకి సొమ్మసిల్లాడు. నడిపామె మజ్జిగ పట్టుకుని పరిగెత్తింది’ అని రాసింది.

“ఈ రచయిత నా మాట వింటాడు బేటా!” అని ఆపా నాకు ఫోన్ చేసి మరీ మురిసిపోయింది.

జయరావు మురిసిపోలేదు. గ్రూపులో ఒక ప్రకటన పెట్టాడు. ‘పేజీ నంబర్లు ముందుకి పోవాలి, వెనక్కి పోకూడదు. చచ్చినవాళ్ళు లేవకూడదు. ఈ పుస్తకం ఉందో లేదో తేలాలి. లేని పుస్తకానికి పేజీలు పెట్టడం లేని మనిషికి గది రాయడం లాంటిది. వచ్చే ఆదివారం మీటింగులో కోమలి గారు పుస్తకం చూపించాలి. లేకుంటే గ్రూపు నుంచి తీసేస్తాను.’

కోమలి జవాబివ్వలేదు. ఆ రోజు పేజీ నంబరు కూడా పెట్టలేదు.

బేగం ఆపా మళ్ళీ నాకు ఫోన్ చేసి, పక్కనే ఉన్న దేవరాజులన్నకి ఇమ్మంది. “దేవరాజులు గారూ, వెతకడంలో మీ అంత మొనగాడు లేడంటారే.” ఆ మాట ఆమెకి చెప్పింది దేవరాజులన్నే. “ఆ పిల్లని తీసేస్తే నాకు ఆ కథ ఎవరు చెప్తారు? ఆదివారం లోపల ఆ పుస్తకం ఒక్క కాపీ పట్టుకుని రండి. అది కనిపిస్తే జయరావు నోరు మూతపడుతుంది.”

ఫోన్ పెట్టేశాక ఆయన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ముఖ్యమైన సమయం వచ్చిందని నాకు అర్థమైంది.

మొదటిరోజు పరిశోధన పుస్తకాల షాపుల్లో సాగింది. ‘మూడు పొయ్యిల హోటలు యాడుండాది?’ అని అడిగితే ఒక షాపాయన బస్టాండు వెనక మెస్సుకి దారి చూపించాడు. దేవరాజులన్న వెళ్ళి భోంచేసి వచ్చాడు. ‘పొయ్యి ఒకటే. ఇది కాదు. రసం బాగుంది’ అని నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

రెండోరోజు నా అంగట్లో కూర్చుని నిజాన్ని ఛేదించాడు.

“ఇది నవల కాదు ఫక్రూ. వల.”

“ఎవరికన్నా?”

“తెలుగు జాతికి.” ఆయన గొంతు తగ్గించాడు. “సూడు. ఒకటి. పుస్తకం యాడా దొరకదు. అంటే ఎవురో అన్ని కాపీలూ కొనేసి దాసిపెట్టినారు. రెండు. నూట ఎనభై తొమ్మిదిలో ఉండే మనిషి నూట డెబ్భై ఒకటికి వచ్చింది. తిరుపతి బస్సెక్కినోడు ఎనక్కిపోయి పూతలపట్టులో దిగుతాడా? దిగడు. అంటే ఆమె బస్సు మారింది. అంటే పుస్తకాలు రెండుండాయి. ఒకదాంట్లో తాత సచ్చినాడు, ఇంకోదాంట్లో బతికినాడు. రెంటిలో ఒకటి నకిలీ!”

“మరి బేగం ఆపా చెప్పినట్టే కథ మారింది కదన్నా. దాన్నిబట్టి ఏం తెలుస్తోంది?”

ఇంతకంటే దగ్గరగా తీసుకెళ్ళడం నావల్ల కాదు. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించాడు.

“రక్తం గడ్డకట్టే నిజం తెలుస్తా ఉండాది అప్పా. బేగం గారి ఫోను ఎవురో దొంగతనంగా వింటా ఉండారు.”

“నాకేమో కోమలిని నేరుగా అడిగితే సరిపోతుందనిపిస్తోంది.”

“నకిలీ పుస్తకాల ముఠాని ‘మీరు ముఠానా’ అని అడుగుతారా ఎవురన్నా? సాటుగా పోయి సాక్ష్యంతో పట్టాల.”

కోమలి ఎక్కడుంటుందో కనుక్కోవడానికి ఆయనకి ఇంకో రోజు పట్టింది. గ్రూపులో చేరిన రోజే ఆమె రాసుకుందని నేను చెప్పాను. అప్పుడు తెలిసింది.

శుక్రవారం పొద్దున దేవరాజులన్న మారువేషంలో వచ్చాడు. గుండు కొట్టించుకున్నాడు. తిరుపతిలో గుండుకి మించిన మారువేషం లేదని, వెయ్యిమందిలో ఒకడిగా కలిసిపోవచ్చని ఆయన సిద్ధాంతం. అందులో తప్పులేదు. కానీ ముందునుంచీ ఆయన తలమీద ఉన్నది చెవుల పక్కన రెండు గుప్పెళ్ళే. పోలిక ఏమీ మారలేదు. అంగడి దగ్గర్నుంచి బస్టాండు దాకా ఏడుగురు ఆపి, “ఏం మొక్కు తీర్సుకున్నారు దేవరాజులు సార్?” అని అడిగారు.

రేణిగుంటలో బస్సు దిగి కడప రోడ్డు మీద కిలోమీటరు నడిస్తే వే బ్రిడ్జి. మామిడికాయల కాలం. రసం ఫ్యాక్టరీలకి పోయే తోతాపురి లారీలు వరసగా ఆగి ఉన్నాయి. ఒక పక్క చిన్న గది, దానికి కిటికీ, కిటికీలో టేబుల్ ఫ్యాను. ఫ్యాను వెనక ముప్ఫై ఐదేళ్ళ ఆడమనిషి తలొంచుకుని ఏదో రాస్తోంది. లారీ వస్తే తలెత్తుతుంది, చీటీ చింపి ఇస్తుంది, మళ్ళీ తలొంచుకుని రాస్తుంది.

“సూసినావా?” అన్నాడు దేవరాజులన్న. “బరువు చీటీ రాయడానికి అర నిమిషం సాలు. అంతసేపు ఏం రాస్తా ఉండాది? దగ్గరికి పోవాల.”

కిటికీ ముందు ఖాళీ అయిన మినీ లారీ ఒకటి వచ్చి ఆగింది. ఆయన నన్ను లాక్కుని దాని వెనక నక్కాడు. కాళ్ళ కింద ఇనుప రేకు ఎండకి పెనంలా కాలుతోంది. ఆ రేకే తూకం అని మాకిద్దరికీ తెలియదు.

కిటికీ పైన స్పీకరులో ఆమె గొంతు గరగరమంది. “బండి ఎనకాల ఉండే ఇద్దరూ కిందికి దిగండన్నా.”

“మనల్ని కాదులే. మనం కనిపించం” అని దేవరాజులన్న నా చెవిలో చెప్పాడు.

“మీకేనన్నా. ఈ బండి ఖాళీగా మూడువేల నూటిరవై కిలోలకి మించదు. ఇప్పుడు నూట నలభై ఐదు ఎక్కువ సూపిస్తా ఉండాది. ఒక్క మనిషైతే అంత రాడు. ఇద్దరుండాల.”

ఆ రోజు అక్కడ జరిగిన అసలైన పరిశోధన అదొక్కటే.

లారీ ముందునుంచి ఒక రైతు దూకాడు. పేరు మునికుమార్ అని తర్వాత తెలిసింది. పూతలపట్టు దగ్గర తోట. మా ఇద్దరి చొక్కాలూ రెండు చేతులతో పట్టుకున్నాడు. “నిండు బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తారు. ఖాళీ బండి బరువెక్కితే నా కాయల బరువు తరిగిపోతాది, తెలుసునా? యాడాదంతా కాపలా కాసిన కాయలప్పా! ఎవురు మిమ్మల్ని పంపించింది?”

మమ్మల్ని ఆ గదిలోకి ఈడ్చుకుపోయాడు. దేవరాజులన్న చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు.

“నేనెవురో తెలిస్తే ఈ గోడలు వణుకుతాయి.”

సరిగ్గా అప్పుడే బయట మినీ లారీ పక్కకి జరిగి, నిండు లారీ ఒకటి తూకానికెక్కింది. గోడలు నిజంగానే వణికాయి. ఆయన తృప్తిపడ్డాడు.

కోమలి ఆయన్ని పరీక్షగా చూసింది. “మీరు గ్రూపు ఫోటోలో ఉండే పదకొండో పేజీ సారు కదా?”

దేవరాజులన్న అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. టేబుల్ మీద కాగితాల కట్ట ఉంది. అది ఎగిరిపోకుండా పైన ఒక తోతాపురి కాయ పెట్టి ఉంది. “నీ నాటకం ముగిసింది!” అంటూ ఆయన బల్ల మీద గుద్దడానికి చెయ్యెత్తి, చోటు చేసుకోవడానికి ఆ కాయని పక్కకి తీశాడు.

ఫ్యాను మొత్తం వేగంతో తిరుగుతోంది. కాగితాలు లేచాయి. కొన్ని నా మొహానికి అతుక్కున్నాయి, కొన్ని కిటికీలోంచి లారీల వరసలోకి పోయాయి. కోమలి “అయ్యో, అయ్యో” అంటూ బయటికి పరిగెత్తింది. నేను ఆమె వెనకే పరిగెత్తి టైర్ల కిందా కాయల మీదా పడ్డవి ఏరాను. అన్నీ పాత బరువు చీటీలు. వెనకవైపు సన్నటి చేతిరాత. ప్రతి దాని మీదా పైన పేజీ నంబరు.

మేము తిరిగొచ్చేసరికి మునికుమార్ గుమ్మంలో కూర్చుని ఒక చీటీ చదువుతున్నాడు. కోపం ఎక్కడికి పోయిందో పోయింది.

“అక్కా, ఈ నడిపామె మజ్జిగ తీసుకుని ఉరికింది గదా. తాత తాగినాడా ల్యాదా? ఈడ అయిపోయింది.”

“తర్వాత కాయితం ఏరుతా ఉండా అన్నా, ఉండు.”

దేవరాజులన్న ఒక చీటీని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చూసి, విజయంతో తలెత్తాడు. “నకిలీ! సేత్తో రాసి నకిలీ పుస్తకం తయారుసేస్తా ఉండారు. కాపీ యాడమ్మా?”

“ఫ్లాస్కులో ఉండాది సార్. పొయ్యనా?”

“తాగే కాపీ కాదు! దేన్ని సూసి రాస్తా ఉండావో అది. అసలు. అసలు ప్రతి యాడ?”

కోమలి ఏరిన చీటీలని రెండు చేతులతో గుండెకి పట్టుకుని నిలబడింది.

“ఇదే సార్ అసలు.”

“ఇది నీ సేతిరాత.”

“అవును సార్.”

“మరి కె. రేణు రాసింది?”

“కోమలి, రేణిగుంట” అంది ఆమె తల దించుకుని.

ఆయన ఆలోచించాడు. నాకు అప్పటికే అర్థమైంది. మునికుమార్‌కి కూడా అర్థమై, “ఆ యక్కే రాసింది సామీ” అని జాలిగా చెప్పాడు. దేవరాజులన్న మెల్లగా అద్దాలు పెట్టుకున్నాడు.

“నేను మొదట్నుంచీ అనుకునింది అదే” అన్నాడు.

మునికుమార్ లారీని మళ్ళీ తూచి, అతని చీటీ అతనికి ఇచ్చి పంపాక, కోమలి మాకు ఫ్లాస్కులో కాపీ పోసింది.

“ఎందుకమ్మా దాచావు? నేనే రాశానని చెప్పుంటే గ్రూపంతా సంతోషపడేవాళ్ళు కదా” అన్నాను.

“అదే సార్ భయం. నేను రాసినానంటే అందరూ బాగుండాదమ్మా అని బొటనేలు బొమ్మ పెట్టి పోతారు. బాగాలేదని ఒక్కరు సెప్పరు. ఎవురో రాసిందంటే నిజం సెప్తారు. తాతని సంపితే బుద్ధి లేదనింది టీచరమ్మ. నా మొహం మీద అంటుండునా ఆ మాట?” ఆమె చీటీలని నంబర్ల ప్రకారం సర్దుతోంది. “ఇంకా యాభై పేజీలుండాయి. అది అయ్యేదాకా సెప్పొద్దు సార్. తీసేస్తే తీసేయనీ.”

నేను సరేనన్నాను. దేవరాజులన్న గ్లాసు బల్ల మీద పెట్టాడు.

“రిపోర్టు రిపోర్టేనమ్మా. కళ్ళతో సూసిన నిజాన్ని దాసే అలవాటు నా ఉద్యోగంలో ల్యా.”

బస్సులో ఎంత చెప్పినా వినలేదు. శనివారం పద్నాలుగు పేజీల రిపోర్టు రాసి తెచ్చి నాకు రెండుసార్లు చదివి వినిపించాడు. పేరు ‘రేణిగుంట రహస్యం’. అందులో ఆయన కాగితాల కట్ట మీది కాయని ‘తీక్షణమైన ఆలోచన తర్వాత’ తీశాడు. నేను ఒకచోట ‘సహాయకుడు’గా కనిపిస్తాను.

ఆదివారం మీటింగు నా అంగట్లోనే. మామూలుగా తొమ్మిదిమంది వస్తారు. ఆ రోజు ఇరవై మందికి పైగా వచ్చారు. సగంమంది పక్కంగళ్ళ నుంచి తెచ్చిన బెంచీల మీద ఇరుక్కున్నారు, సగంమంది కంటి పరీక్ష అక్షరాల బోర్డు కింద నిలబడ్డారు. బేగం ఆపా చిత్తూరు నుంచి మొదటి బస్సుకే వచ్చి ముందు వరసలో కూర్చుంది. అందరూ వచ్చాక, గుడ్డ సంచి ఒకటి ఒళ్ళో పట్టుకుని తలుపు పక్కన స్టూలు మీద ఒకామె కూర్చుంది. మా ఇద్దరికి తప్ప ఆమె ఎవరో ఎవరికీ తెలియదు.

“దేవరాజులు గారి రిపోర్టు” అన్నాడు జయరావు.

దేవరాజులన్న లేచి కాగితాలు విప్పాడు. గొంతు సవరించుకున్నాడు. తలుపు వైపు చూశాడు. అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కాగితాలు మడిచి అదే జేబులో పెట్టుకున్నాడు.

“కేసు తేల్లేదు” అన్నాడు. “పుస్తకం దొరకలేదు. అది ఉండాదో ల్యాదో కూడా నాకు తెలీదు. నేను ఓడిపోయినాను.”

ఇరవై ఏళ్ళ స్నేహంలో ఆ చివరి మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి. కూర్చున్నాడు. ఎవరో నవ్వారు. “దీనికోసమా గుండు?” అన్నారింకెవరో. మిగతావాళ్ళు కూడా నవ్వారు.

“ముప్ఫై నాలుగేండ్లు బస్సుల్లో ఏం పట్టినారయ్యా మీరు?” బేగం ఆపా నిజంగా బాధపడింది. “ఒక పుస్తకం పట్టలేకపోయినారే! మిమ్మల్ని నమ్మినాను చూడండి, నాదీ తప్పు.”

ఆయన నేల చూశాడు.

“అయితే నియమం ప్రకారం…” అని జయరావు ఫోన్ తీశాడు.

“సార్‌ని ఏమనొద్దండి టీచరమ్మా.” తలుపు పక్కనామె లేచి నిలబడింది. సంచిలోంచి చీటీల కట్ట తీసి కౌంటరు మీద పెట్టింది. “ఆయన పట్టినాడు. నేనే సెప్పొద్దన్నాను. ఇదే ఆ పుస్తకం. రెండొందల ఆరో పేజీ దాకా ఉండాది. మిగతాది ఇంకా రాయాల.”

“రాయాలా? ఎవరు?”

“నేనే. కోమలిని.”

ఆపా మొదట కట్టవైపు, తర్వాత కోమలి వైపు చూసింది. “తాతని చంపింది నువ్వా?”

“అవును టీచరమ్మా.”

“నేను తిట్టినాక లేపింది?”

“అవును.”

“అల్లా! రచయితకి బుద్ధి లేదన్నానే!”

“అన్నారు. ఆ రోజు ఏడ్సినాను. మర్నాడు మళ్ళా సదివి సూస్తే మీరు సెప్పిందే నిజం.”

అందరూ జయరావు వైపు చూశారు. ఆయన ఫోనులో నియమాలు పైకీ కిందికీ జరిపి చూశాడు. “చదువుతున్న పేజీ పెట్టాలన్నది నియమం” అన్నాడు చివరికి. “రాసేవాళ్ళు రాసింది చదువుకోకుండా ఉండరు. కాబట్టి చెల్లుతుంది.” ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. “ఆ దోసె ఎవరికి?”

బేగం ఆపా అప్పటికే లేచి కౌంటరు దగ్గరికి వెళ్ళింది. కోమలి చెయ్యి పట్టుకుంది. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను.

“నూట పదో పేజీ నుంచి పెళ్ళిచూపులు సాగదీసినావు పిల్లా. ఆరు పేజీలు! నాకు నిద్రొచ్చింది. తీసెయ్.”

“పెద్దామె మరీ మంచిది. అంత మంచోళ్ళు ఉండరు” అని వెనకనుంచి ఎవరో అందుకున్నారు. “నడిపామె తిట్లు తగ్గించొద్దు” అన్నారింకొకరు. ఇంక అందరూ ఒక్కసారిగా మీద పడ్డారు. ఎవరూ బొటనవేలు చూపించలేదు. కోమలి ఒక చీటీ తిప్పి, కౌంటరు మీదే వంగి, తప్పులన్నీ రాసుకుంటోంది. ఆ మొహంలో వెలుగుని నేను ఏ కస్టమరు మొహంలోనూ, కొత్త అద్దాలతో మొదటిసారి వీధిలోకి చూసినప్పుడు కూడా, చూడలేదు.

మధ్యాహ్నానికి అందరూ వెళ్ళిపోయారు. దేవరాజులన్న కస్టమరు కుర్చీలోనే ఉన్నాడు. కోమలి చీటీలు సంచిలో సర్దుకుంటోంది.

“ఎందుకు సార్ సెప్పలేదు?” అని అడిగింది. “నిజం దాసే అలవాటు లేదన్నారే.”

ఆయన గుండు తడుముకున్నాడు. “ఒకసారి దాయకుండా సెప్పినాను. అందుకు.”

నేను షట్టరు దించబోయి ఆగాను.

“పూతలపట్టు కాడ బస్సు ఆపి ఎక్కినాను. కొత్త ఉద్యోగం. వరసగా టికెట్లు సూసుకుంటా పోతా ఉంటే కిటికీ పక్కన మా అమ్మ కూసోనుండాది. నా కాడికే వస్తా ఉన్నింది, రాగిసంగటి మూట గట్టుకుని. టికెట్ తీసుకోలా. ‘నా కొడుకు బస్సుకి నాకు టికెట్టేందిరా’ అనింది. బస్సంతా నవ్వినారు. నేను కేసు రాసినాను.”

“అమ్మ మీదా?”

“పేరు, ఊరు, అంతా రాసినాను. ఆ మూట నా సేతిలో పెట్టి, దిగి, ఎదురు బస్సులో ఎనక్కి పోయింది. మళ్ళా నాతో మాట్లాడలా. రెండేండ్లు. ఆ తర్వాత పోయింది.”

తన విజయాలన్నీ వందసార్లు చెప్పిన మనిషి ఈ కేసు సంగతి నాతో ఒక్కసారీ అనలేదు.

కోమలి సంచిలోంచి ఒక ఖాళీ చీటీ తీసింది. “ఇది రాసుకోవచ్చునా సార్, నా నవల్లో? హోటలు ముందు బస్సు ఆగుతాది.”

“రాసుకో. ఉద్యోగం, బస్సు, అన్నీ ఉండేది ఉండేట్టే రాయి. కడాన మాత్రం…” ఆయన ఆగాడు. “బేగం గారు సెప్పినారని తాతని లేపినావు గదా.”

“లేపినాను.”

“కడాన ఆమె నాతో మాట్లాడినట్టు రాయి.”

“ఏం మాట్లాడినట్టు రాయమంటారు?”

ఆయన చాలాసేపు వెతుక్కున్నాడు. “పెద్ద మాటలొద్దు. ‘తిన్నావా’ అనింది అని రాయి. సాలు.”

కోమలి రాయడం మొదలుపెట్టింది. “అమ్మ పేరేంది సార్?”

“పోలేరమ్మ.”

దేవరాజులన్న జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని, కౌంటరు మీదికి వంగి, ఆమె ఆ పేరు తప్పు లేకుండా రాసిందో లేదో అక్షరం అక్షరం చూశాడు.